ఎన్ని బస్తాలకు ఒక చెయ్యి

పోయినవి: ఒక హమాలీ కుడిచెయ్యి, మోచేతి దాకా. యజమాని ముందుపళ్లు మూడు. మోటారు బెల్టు ఒకటి. నా కంప్యూటర్ తెర. అన్నీ ఒకే పూట పోయాయి.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు, నల్లగొండ దగ్గర ఒక బియ్యం మిల్లులో లెక్కలు చూసే పనికి చేరాను. యజమానికి మూడు కోరికలు: నూకలు తగ్గాలి, బియ్యం తెల్లగా రావాలి, గంటకు బస్తాలు పెరగాలి. ఒకదాన్ని లాగితే ఇంకొకటి జారుతుంది. మిషన్లను రకరకాలుగా బిగించి చూసి, ప్రతిసారీ మూడూ కొలిచి కంప్యూటర్లో పోల్చాను. చివరికి నాలుగు పద్ధతులు మిగిలాయి. వాటిలో దేన్ని ఒకవైపు బాగుచేయబోయినా మరోవైపు చెడుతుంది. ఇక ఏరుకోవడం యజమాని పని.

ఆయన అన్నిటికంటే వేగంగా నడిచేదాన్ని ఏరుకున్నాడు. ఆ వేగానికి, వడ్లను పైకెత్తే ఎలివేటర్ అడుగున వడ్లు ఇరుక్కునేవి. మిల్లు ఆపి మళ్లీ నడిపితే మొదట వచ్చేదంతా నూకే. అందుకని ఎలివేటర్ మూత విప్పించి, నడుస్తుండగానే హమాలీలను చేత్తో లాగమన్నాడు.

"చేతులు పోతయి సేటూ. మెల్లగ నడిచేది పెట్టుకుందం" అన్నాను.

"నీ కంప్యూటర్ల చేతుల లెక్క గూడ ఉన్నదా?" అని నవ్వాడు.

ఒక పొద్దున ఎలివేటర్ ఆ హమాలీ చెయ్యిని లోపలికి లాక్కుంది. దవాఖానకు తీసుకుపోయే ఆటో ఇంకా గేటు దాటలేదు, యజమాని "నెత్తురు కడిగి నడపుండ్రి" అన్నాడు. మిల్లు కదిలింది. ఆ హమాలీ వాళ్లన్న కూడా అక్కడ బస్తాలు మోసేవాడే. చేతిలోని ఇనుప కొక్కేన్ని తిరుగుతున్న మోటారు బెల్టులోకి విసిరాడు. తెగిన బెల్టు కొస యజమాని మూతి పగలగొట్టింది. ఆ అన్న నా గదిలోకి దూకి, కుర్చీతో తెర బద్దలుకొట్టి, నా చొక్కా గల్లా పట్టాడు.

"సారూ, గిట్ల నడపమన్నది నీ డబ్బానేనా?"

"అది నాలుగు చూపెట్టింది. ఏరుకున్నది సేటు."

"మెల్లగ నడిపితే ఎన్ని తగ్గుతుండె?"

"గంటకు ఆరు బస్తాలు."

నన్ను గోడకు తోసి బయటికి ఉరికాడు. యజమానిని కింద పడేసి, ఛాతీ మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు.

"ఆరు బస్తలు నీకు బరువైనయా సేటూ? మా తమ్ముని చెయ్యికి ఎన్ని బస్తలయితే ఇడుస్తుంటివి? అయిదా? రెండా? చెప్పు!"

యజమాని నెత్తురు ఉమ్మి, "ఆలోచన చేసి చెప్త" అన్నాడు.

ఎలివేటర్‌కు మూత బిగించారు. మిల్లు మెల్లగా నడుస్తోంది. ఆ అన్న యజమాని ఎదురైనప్పుడల్లా బస్తా దించకుండానే అడుగుతాడు: "ఎన్ని, సేటూ?"

ఆ అంకె ఆయన ఈ రోజుకీ బాకీ.