శంకరరావు లాగిన్, అప్పలనర్సమ్మ దరఖాస్తు

రిటైరయిన స్టేషన్ మాస్టరు గోవిందరావు సేవ చేస్తున్నాడని, హిందీవాళ్ల ఊళ్లోని తెలుగు రైల్వే పేట తార్‌బహార్‌లో అంటారు. ఆ మాట అనవసరం. ఆయనకు పొద్దుపోదు, ఇంట్లో కంప్యూటరు ఉంది, ఫారాలు నింపడమంటే ఇష్టం. సేవ అనే శాలువా కప్పకపోయినా మనిషి మంచివాడే.

ముప్పై నాలుగేళ్లు చిన్న చిన్న స్టేషన్లలో డ్యూటీ చేశాడు. పక్క స్టేషనుకు బండి పంపాలంటే అక్కడి మాస్టరును అడగాలి. అతను విన్నమాట తిరిగి అప్పజెప్పి, తన దగ్గరి కాగితంలోంచి ఒక రహస్య సంఖ్య చెప్పాలి. అది వచ్చేదాకా బండి కదలదు. ఈ అలవాటు మాత్రం ఆయనతోపాటు రిటైరవలేదు. భార్య కూరలు తెమ్మన్నా, ఆ జాబితా తిరిగి అప్పజెప్పాకే చెప్పులు తొడుక్కుంటాడు.

బ్యాంకులో పనిచేసే కూతురు తనూజ ఈమధ్య ఆయన కంప్యూటరులో ఒక ఏజెంట్‌ను పెట్టింది. మామూలు మాటల్లో పని చెబితే బ్రౌజరును అదే నడుపుతుంది. పేజీలు తెరుస్తుంది, బ్రౌజరు తనలో దాచుకున్నవన్నీ చూపిస్తుంది, తుడిచేయమంటే తుడిచేస్తుంది. గోవిందరావు మొదటిరోజే దానికి షరతు పెట్టాడు: ఏదైనా తుడిచేముందు ఏం తుడుస్తావో నాకు అప్పజెప్పు, నేను రెండంకెల సంఖ్య ఇచ్చాకే చెయ్యి. తనూజ రెండు రోజులు నవ్వింది.

శనివారం మధ్యాహ్నం అప్పలనర్సమ్మ వచ్చింది. గ్యాంగ్‌మన్‌గా చేసి చనిపోయిన అప్పలస్వామి భార్య. సోమవారం ఆమె రెండో కంటికి ఆపరేషను. ఆసుపత్రిలో చేర్చుకోవాలంటే వైద్యం కార్డుకు దరఖాస్తు పెట్టిన రసీదు చూపాలి. దానికి ఆ సాయంత్రం ఐదింటితో గడువు. భర్త పనిచేసిన చోట్లన్నీ తేదీలతో సహా రాయాలి. యూనియన్ ఆఫీసు వాళ్లు ఒక్కపూటకని ఇచ్చిన పాత కాగితాలు చూసి గోవిందరావు గురువారమే పంతొమ్మిది చోట్లూ ఎక్కించి ఉంచాడు; పంపాలంటే మాత్రం ఆమె ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి. కాగితాలు తిరిగి వెళ్లిపోయాయి. శనివారం ఆ ఆఫీసు తెరవరు. ఎక్కించినదంతా ఇప్పుడు ఈ బ్రౌజరులో తప్ప ఎక్కడా లేదు.

పేజీ తెరిస్తే ‘నమస్కారం, శంకరరావు’ అంది. శుక్రవారం బిల్హా నుంచి వచ్చిన పాత స్నేహితుడు, రిటైర్డ్ గార్డు శంకరరావు ఫారం కూడా గోవిందరావు ఇందులోనే నింపాడు. ఆ లాగిన్ అతుక్కుపోయింది, బయటికి రమ్మంటే రాదు.

విషయం చెబితే అప్పలనర్సమ్మ తెర మీదికి వంగింది. “ఏటి బాబూ, నా పేరు పోనాదేటి?”

తనూజ గుమ్మంలోంచే తేల్చేసింది. “నాన్నా, సబ్ క్లియర్ చేసేయండి. దో మినిట్ కా కామ్.”

శంకరరావు లాగిన్ తీసేయమని గోవిందరావు ఏజెంట్‌కు చెప్పాడు. ఈ సైటు బ్రౌజరులో దాచినదంతా తుడిచేస్తానని అది అప్పజెప్పింది: లాగిన్‌ను గుర్తుపెట్టుకునే కుకీ, భాష ఎంపిక, రెండు చిత్తు దరఖాస్తులు. ఆయన సంఖ్య ఇవ్వలేదు. మొదటి చిత్తు తెరిచి చూపమంటే, పంతొమ్మిది చోట్లతో అప్పలనర్సమ్మ దరఖాస్తు బయటపడింది. ముందు దాని నకలు వేరే ఫైలులో పెట్టించాడు. ఆ తర్వాత కుకీ ఒక్కటే తుడుస్తానని ఏజెంట్ చేత అనిపించి, అప్పుడు అరవై రెండు అని టైపు చేశాడు.

పేజీ మళ్లీ మొదటినుంచి ఫోన్ నంబరు అడిగింది. ఆమెది ఇచ్చి, ఓటీపీ వేశాక, దరఖాస్తు చెక్కుచెదరకుండా తెర మీదికొచ్చింది. ఆయన ఒక్కో ఊరూ చదువుతుంటే, ఒకచోట నీళ్లకి పడ్డ బాధ, ఇంకోచోట పక్క క్వార్టరు మనిషి పేరు గుర్తు చేసుకుంటూ ఆమె ఊఁ అంది. మూడూ ఇరవైకి రసీదు వచ్చింది.

అప్పుడు తనూజ తెరకు దగ్గరగా వచ్చి రెండో చిత్తు ఎవరిదని అడిగింది. తెరిచి చూశారు. శంకరరావుది. అంతా నింపి ఉంది, చివరి బటన్ మాత్రం నొక్కలేదు. అయిపోయిందని, రసీదు ప్రింటు తర్వాత తీస్తానని నిన్న ఆయనను సాగనంపింది గోవిందరావే. ఏజెంట్ దగ్గర మాట తీసుకునే మనిషి తన దగ్గర తాను తీసుకోలేదు. పెద్దాయన మొహం చిన్నదైంది. సోమవారం ఫోన్ చేద్దాంలే అనుకునే వీలు కూడా లేదు; అదే గడువు ఆయనకూ.

అప్పలనర్సమ్మ రసీదు కొంగున ముడేసుకుంది గానీ లేవలేదు. “ముందాయనకి ఫోను సెయ్యి మాస్టరు బాబూ. నాను తరవాతెల్తాను.”

గోవిందరావు డొంకతిరుగుడు లేకుండా చెప్పాడు. ఫారం వెళ్లలేదు, తప్పు తనదే, ఇప్పుడు వచ్చే ఓటీపీ చెప్పమన్నాడు. ఫోన్‌లో అవతలినుంచి శంకరరావు అందుకున్నాడు.

“అచ్ఛా. మరి నిన్న మా ఆవిడ కట్టిచ్చిన లడ్లు ఏ మొకం పెట్టుకుని తినేసినావురా?”

ఇంకో రెండు నిమిషాలు తిట్టాకే శంకరరావు ఓటీపీ చెప్పాడు. నాలుగుంబావుకు ఆయన రసీదు కూడా వచ్చింది. అప్పలనర్సమ్మ లేచి, లడ్లేమైనా మిగిలాయేమోనని లోపలికి తొంగి చూసింది.