పదకొండు గంటలకు లేచే గీత

ఇవాళ పొద్దున ల్యాబులో స్పిరిట్ వాసన రాగానే నా గైడు రూత్ మేడం గుర్తొచ్చారు. నా దగ్గర పరిశోధన చేస్తున్న నేహా ఫైబర్ కొస తుడుస్తోంది. కంటోన్మెంటులో పెరిగిన తెలుగమ్మాయి. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. తలుపు బయట ప్లాస్టిక్ ట్రేలో మా ఫోన్లు, తాళాలు ఉన్నాయి. లోపలికి ఇనుము తేకూడదన్నది మేడం పెట్టిన నియమం.

ఆ ఫైబర్ వెంట్రుకంత సన్నని గాజు తీగ. దాని పొడవునా తేనెపట్టులా రంధ్రాలుంటాయి. వాటిలో అయస్కాంతానికి స్పందించే ద్రవం నింపి, లోపలినుంచి కాంతిని పంపుతాం. దగ్గరలో ఏ కాస్త అయస్కాంతత్వం ఉన్నా కాంతి తీరు మారి, తెరమీద గీత లేస్తుంది. నేను క్యాంపస్ పక్కన మునిర్కాలో అద్దెగదిలో ఉంటూ థీసిస్ రాసే రోజుల్లో ఆ గీత రోజూ పదకొండు గంటలకు లేచేది. మెట్రో అనుకున్నాను, లిఫ్ట్ అనుకున్నాను. క్లాసు ముగించుకుని సరిగ్గా అప్పుడే వచ్చే మేడంని మాత్రం అనుమానించలేదు. గడువు నెత్తిమీదికొచ్చింది. ఆ బుడిపె చెరిపేసి గ్రాఫు మేడం చేతికిచ్చాను.

"మరీ నున్నగా ఉందే," అన్నారామె. "చెరిపేశావా?"

తల దించుకున్నాను.

"మా అమ్మ నర్సు బాబూ. జ్వరం చార్టులో నచ్చని అంకె ఏనాడూ దిద్దలేదు. తెలీకపోతే తెలీదని రాయి. ఠీక్ హై?"

మర్నాడు పదకొండుకు ఇద్దరం తెర చూస్తూ ఉన్నాం. గాజులు, పిన్నులు ట్రేలో వదిలి వచ్చిన మేడం, ఎప్పటిలాగే టేబుల్‌కు కుడిపక్క నిలబడి ఫైబర్ దగ్గర చెయ్యి ఆనించారు. గీత లేచింది. చెయ్యి తీస్తే పడిపోయింది.

"అచ్ఛా," అన్నారు మోచెయ్యి నిమురుకుంటూ. "చిన్నప్పుడు విరిగితే లోపల స్టీలు ప్లేటు వేశారు. ట్రేలో పెట్టలేనిది నా దగ్గర ఒకటుందన్నమాట."

ఆమె నవ్వారు. కొలతలన్నీ మళ్ళీ తీయడానికి ఆర్నెల్లు పట్టింది. ఆ ఆర్నెల్లూ ఆమెను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

మేడం పోయి రెండేళ్ళయింది. ఆ ప్లేటు ఆమెతోపాటే సమాధిలో ఉంది.

ఇవాళ పదకొండుకు గీత లేచింది. అదే ఎత్తు. మేమిద్దరం గదికి ఇటు చివర, తెర దగ్గరే ఉన్నాం. టేబుల్ దగ్గర ఎవరూ లేరు.

"సర్, నాయిస్ హై. హటా దూఁ?" అంది నేహా.

"వద్దమ్మా, చెరపకు. ఉండనీ."

జేబులు తడుముకున్నాం. టేబుల్ కింద వెతికాం. ఏమీ దొరకలేదు. భయం వేసింది, దాచుకోను. అంతకంటే ఎక్కువగా ఆమె మీద బెంగ పుట్టింది. నోటుపుస్తకం తెచ్చి టేబుల్ మీద తెరిచి రాశాను: 'పదకొండు గంటలకు గీత లేచింది. కారణం తెలియదు.'

రాస్తున్నంతసేపూ కుడిపక్క ఒక మనిషికి చోటు వదిలి నిలబడ్డాను.