పాచి గుట్టు విప్పిన చుక్కలమ్మ

కంటి ఆస్పత్రిలో మా అత్తయ్యను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఇరవై ఆరేళ్లుగా రోగుల కళ్లలో మందు చుక్కలు వేస్తోంది కాబట్టి అందరికీ ఆవిడ చుక్కలమ్మే. కింద కళ్లద్దాల కౌంటర్లో నేను పనిచేస్తాను.

పిల్లల విభాగం ముందు హాల్లో మంచమంత పొడవున ఒక గాజు తొట్టె ఉంది. నిండా ఉప్పునీళ్లు, రాళ్లు, ఆ రాళ్లను పట్టుకుని బతికే పగడాలు, వాటి మధ్య నారింజరంగు చేపలు. చుక్కలంటే హడలిపోయే పిల్లలు కూడా దాని ముందు కూర్చోబెడితే నోరు మూసుకునేవారు. ఒక ఏడాది ఆ రాళ్లకు పచ్చటి పాచి పట్టింది. మొదట నూనూగు మీసంలా కనిపించింది. నెల తిరిగేసరికి జడ వేయడానికి సరిపోయేంత పెరిగింది. దాని కింద పగడాలు ముడుచుకుపోయాయి.

తొట్టె సర్వీసు చేసే అతను వచ్చినప్పుడల్లా పీకేవాడు. మళ్లీ వచ్చేలోగా అది యథాస్థానానికి చేరేది. మందు పోస్తే పాచి నాలుగు రోజులు వాడి, ఆపైన రెండింతలై లేచింది. పాపం, నత్తలు మాత్రం చచ్చిపోయాయి. చివరికి అతను చేతులెత్తేశాడు.

"నీళ్లు పరీక్ష చేశాను సార్. పాచికి తిండి ఫాస్ఫేటు. అది సున్నా చూపిస్తోంది. నీళ్లలో లోపం లేదు, రాళ్లకే పట్టేసింది. తీసి పారేయడం మంచిది," అన్నాడు పెద్ద డాక్టరుతో.

మేనేజరుకు కావలసిందీ అదే. "అక్కడ టీవీ పెడదాం సార్, పోషణ అక్కర్లేదు," అన్నాడు.

పక్కనే ఒక పాప కంట్లో చుక్క వేస్తున్న అత్తయ్య, చెయ్యి కదపకుండానే అడిగింది.

"తిండి లేకుండా అంత పాచి ఎలా బలిసింది బాబూ?"

"అదే అంతుపట్టడం లేదమ్మా."

"వచ్చింది వచ్చినట్టు అదే తినేస్తుంటే ఇక నీళ్లలో ఏం మిగులుతుంది? నలుగురు పిల్లలున్న ఇంట్లో గిన్నె ఖాళీగా ఉంటే, వంట చెయ్యలేదని కాదుగా."

పెద్ద డాక్టరు నవ్వాడు. "సరే, మీరే చూడండి చుక్కలమ్మా. మూడు నెలలు. ఆ తర్వాత టీవీయే."

మర్నాటి నుంచి ఆవిడ తొట్టెలోకి ఏమేం పోతున్నాయో ఆరా తీయడం మొదలుపెట్టింది. పిల్లల ముచ్చట కోసం రిసెప్షన్ అమ్మాయి చేపలకు రోజుకు నాలుగుసార్లు మేత వేసేది. దాన్ని ఒక్క చిటికెడుకు తగ్గించింది. ఆ తర్వాత సర్వీసు అతని దగ్గర నీళ్ల పరీక్ష పెట్టె అడిగి తీసుకుంది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేయాలి. ఫాస్ఫేటు ఎంత ఉంటే అంత నీలంగా మారుతుంది. చుక్కలు లెక్కపెట్టడం ఆవిడకు ఒకరు నేర్పాలా?

తొట్టెలో ఆవిరైన నీటికి బదులు రోజూ పొద్దున్నే ఒక బకెట్టు మంచినీళ్లు పోస్తారు. వంటగదిలోని ఫిల్టరు నీళ్లే కదా అని ఎవరూ వాటిని అనుమానించలేదు. ఆవిడ ఆ బకెట్టు నీళ్లకు పరీక్ష పెట్టి, నన్ను కౌంటర్ నుంచి పిలిపించింది.

"నీ కళ్లతో చూడమ్మా. నాకే అలా కనిపిస్తోందా?"

గొట్టంలో సిరా పోసినట్టుంది. ఆరా తీస్తే, ఆ ఫిల్టరు మార్చి రెండేళ్లు దాటిందట. పాచికి ఇన్నాళ్లూ మేమే బకెట్లతో విందు పెట్టాం.

ఫిల్టరు మార్చినంత మాత్రాన పాచి మూటాముల్లె సర్దుకుని పోలేదు. రోజూ మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆవిడ మోచేతుల దాకా నీళ్లలో ముంచి, పాత టూత్ బ్రష్షుతో రాయి రాయి రుద్దేది. ఊడిన పోగులు చెదిరి మరోచోట పట్టుకోకుండా సన్నటి పైపుతో బయటికి లాగేసేది. వెలుతురుకు పాచి పెరుగుతుందని తొట్టె దీపాలు వెలిగే గంటలు కూడా తగ్గించింది. రెండో నెలలో పచ్చ తగ్గింది గానీ, ఇసుక మీద ఎర్రటి జిగురు పొర పరుచుకుంది.

"పచ్చ పోయి ఎర్ర వచ్చిందా చుక్కలమ్మా?" అన్నాడు మేనేజరు.

"ఆపరేషన్ అయిన కన్ను కొన్నాళ్లు ఎర్రగానే ఉంటుంది సార్. అలాగని కెలకం కదా."

మేనేజరు ముందు అలా అంది గానీ, బస్సులో ఇంటికి వస్తూ నా చెయ్యి పట్టుకుంది. "ఇంత మందు పోసేద్దామా అనిపిస్తోందమ్మా," అంది. ఆవిడ గొంతులో బెరుకు నేను వినడం అదే మొదటిసారి. అయినా పోయలేదు. ఆ పొరను కూడా పైపుతో లాగేసి, నీళ్లు నెట్టే మోటారును అటు తిప్పింది. రెండు వారాల్లో అదీ కనుమరుగైంది.

పదకొండో వారానికి రాళ్లు బయటపడ్డాయి. కొత్తగా తెచ్చిన నత్తలు మిగిలిన పాచిని నున్నగా గీకేశాయి. బోసిపోయిన రాళ్ల మీద, నీళ్లు బాగుంటేనే వచ్చే గులాబీరంగు పెచ్చు కట్టింది. ముడుచుకుపోయిన పగడం ఒకటి వేళ్లు చాపి నీళ్లలో ఊగుతుంటే, డాక్టర్లు కూడా వచ్చి చూశారు. సర్వీసు అతను టార్చి వేసి పాచి కోసం మూలమూలా వెతికాడు.

"పోసే నీళ్లు పరీక్ష చెయ్యాలని నాకు తట్టలేదమ్మా," అన్నాడు.

"నువ్వు వారానికోసారి వస్తావు బాబూ. నేను రోజూ చూస్తాను. అంతే తేడా."

తొట్టె బాధ్యత ఆవిడదేనని పెద్ద డాక్టరు కాగితం మీద రాసి ఇచ్చాడు. టీవీ మాట మేనేజరు మళ్లీ ఎత్తలేదు. సర్వీసు అతను పనిలోకి కొత్తగా తీసుకున్నవాళ్లను ముందు మా ఆస్పత్రికే పంపుతున్నాడు. మొన్న ఇద్దరు వచ్చారు. ఐదో తరగతితో బడి మానేసిన మా అత్తయ్య చెబుతుంటే వాళ్లు పుస్తకంలో రాసుకున్నారు. నేను కౌంటర్ వదిలి వెళ్లి, పాఠం పూర్తయ్యేదాకా వాళ్ల వెనకే నిలబడి విన్నాను.