మామ గడ్డం

నిన్న ప్రొద్దుటూరులో డాక్టరు పిలుపు కోసం కూర్చుని ఉంటే, ఎదుటి గోడ మీద ఆందోళన ఎన్ని రకాలో, దేనికేం వైద్యమో రాసిన కాగితం కనిపించింది. అలవాటు కొద్దీ మొదటి నుంచి వరుసగా చదువుతూ మధ్యలో ఆగిపోయాను. అక్కడున్న లక్షణాలన్నీ మా మేనమామవే.

పార్టీ కక్షల్లో ఊళ్లు రెండుగా చీలిన కాలమది. మామ ఏ గొడవకూ పోయే మనిషి కాదు. అయినా పులివెందుల బస్సు కోసం నిలబడి ఉండగా, పక్కనే ఉన్న ఆయన పెదనాన్న కొడుకును ఎదుటి పార్టీ వాళ్లు నాటుబాంబు వేసి చంపారు. మామ ఒంటి మీద గీత కూడా పడలేదు. కొన్నాళ్లకు జమ్మలమడుగు మంగలి షాపులో మెడకు కత్తి ఆనగానే గుండె దడదడలాడి, ఊపిరాడక, నురగ మొహంతోనే బజార్లోకి పరిగెత్తాడు. ఇంట్లో గీసుకుందామని కత్తి తీసి, మళ్లీ పెట్టేసేవాడు. గడ్డం పెరిగింది.

"పగ తీరేదాకా గీయనని మీ మామ ఒట్టు పెట్టుకున్నాడని ఎదుటి పార్టీ వాళ్లు అనుకుంటాండారప్పా," అన్నాడు మంగలి నాతో. రెండు పార్టీల గడ్డాలూ ఆయన చేతికిందివే. "ఈయప్ప పగ తీర్చుకోను దిగేలోగా వాళ్లే దిగుతారంట. ఆలస్యం చేయకుండా బిన్నా గడ్డం తీపించు."

మామనూ అత్తనూ ప్రొద్దుటూరు తీసుకుపోయాను. డాక్టరు గుండె పరీక్ష చేయించి, బాగుందన్నాడు.

"ఇది ఉన్నట్టుండి వస్తాది, కాసేపటికి పోతాది. ప్రాణం తీయదు. అమ్మా, నీది ఇంకో రకం. ఈయన గడప దాటితే వచ్చేదాకా నీకు కూడు దిగదు. ఇద్దరికీ మందులుండాయి."

"వాళ్లు దారి కాస్తాండారు సారూ. ఆ భయం కూడా జబ్బేనా?" అన్నాడు మామ.

"అది జబ్బు కాదు. దానికి నాకాడ మందు లేదు. మంగలి కుర్చీ భయానికైతే మాత్రలిస్తా. కానీ ఆ కుర్చీకాడికి నువ్వే పోవల్ల, మెల్లమెల్లగా. దడ వస్తే లేయొద్దు, తగ్గేదాకా కూచో."

మొదట షాపు బల్ల మీద కూర్చుని పేపరు చదివాడు. తరువాత కుర్చీలో ఊరికే కూర్చున్నాడు. ఆ తరువాత నురగ వరకే. "ఇంత సబ్బు మా ఇంట్లో గుడ్డలకు గూడా అరగలేదు మామా," అనేవాడు మంగలి.

మంగలి కత్తి పట్టిన రోజు, ఎదుటి పార్టీ మనిషి ఒకడు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అద్దంలో అతణ్ణి చూసి మామ వేళ్లు కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకున్నాయి. చెమట నురగలోకి జారింది.

"పోదామా?" అన్నాను.

"తగ్గనీ," అన్నాడు.

మంగలి ఆగాడు. కొంతసేపటికి మామే గడ్డం పైకెత్తాడు. నున్నటి మొహం బయటపడ్డాక వాకిట్లో మనిషి అడిగాడు.

"ఒట్టు ఏమాయె?"

"ఒట్టు లేదు, ఏం లేదప్పా. కత్తంటే భయపడి పెంచినా. డాక్టరు మాత్రలిచ్చినాడు."

అతను నవ్వుతాడనుకున్నాను. లోపలికొచ్చి, బల్ల మీద కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ డాక్టరు యాడుంటాడు?"

ఆ రోజుల్లో ఎవరు ఎవరిని చంపారో మా ప్రాంతానికి ఇప్పటికీ వరుసగా గుర్తుంది. ఎవరెవరికి నిద్ర పట్టలేదో మాత్రం కాలం ఎక్కడా రాసిపెట్టలేదు.