ఇటుక కాపడం

తూటా తగిలి నడుము కింద స్పర్శ పోయిన హొన్నూరప్ప యుద్ధం నుంచి హచ్చొళ్ళికి తిరిగొచ్చాక, భార్య యంకమ్మకు కంటిమీద కునుకు లేదు. వీపు పుండు పడితే మనిషి దక్కడని మిలిటరీ డాక్టరు చెప్పి పంపాడు. ఆమె రెండు గంటలకోసారి అతన్ని పక్కకు తిప్పేది, వీపంతా తడిమి చూసేది. కాపడం సంగతి మాత్రం డాక్టరు చెప్పలేదు, ఆమె అడగలేదు. పడిపోయిన కాళ్ళకు ఇటుక కాచి పెట్టడం ఊరందరికీ తెలిసిన వైద్యమే కదా. ఒక ముసురు రోజు పొయ్యి ఆర్పి, వేడి ఇటుకను గుడ్డలో చుట్టి అతని మడమల కింద పెట్టింది.

"మూలన పడాల్సినోళ్ళం. మిలిటరీ ఆస్పత్రిలో ఆ డాక్టరప్ప మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి చేతిపని నేర్పిచ్చినాడు," అని ఉషారుగా చెబుతూ హొన్నూరప్ప ఆగాడు.

"ఏందో మాడతాండాది. పొయ్యి చూడుపో, యంకీ."

యంకమ్మ ఆరిన పొయ్యి వైపు చూడలేదు, అతని మడమల కింది ఇటుకను లాగేసింది.