జాంబెజీ మీద మూత మోగిన సాయంత్రం

కోవిడ్ రావడానికి ముందటి సంవత్సరం, ఆగస్టు నెలలో, నన్ను జాంబియా టూరుకు మేనేజరుగా వేశారు. తిరుపతిలో మా ట్రావెల్స్ సంస్థ కాశీ, రామేశ్వరం బస్సులతో మొదలైంది. నేను అందులో ఎస్కార్టుగా చేరాను. ఎస్కార్టు అంటే బస్సు ముందు సీట్లో కూర్చుని, దిగినవాళ్లందరూ మళ్లీ ఎక్కారో లేదో చూసే ఉద్యోగం. ఆ పైన అసిస్టెంటు, ఆ పైన టూర్ మేనేజరు. మేనేజరైనా చేసేది అదే పని, కాకపోతే టై కట్టుకుని చేస్తాం.

అది మా పరిభాషలో ఇన్సెంటివ్ టూరు. డ్రిప్పు పైపులు తయారు చేసే ఒక కంపెనీ, సరుకు బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా తన ఖర్చు మీద విదేశం తిప్పుతోంది. అందరూ పలమనేరు, కుప్పం, పుంగనూరు వైపు వాళ్లు. తోతాపురి సీజను ముగిసి కాస్త తీరిక దొరికిన సమయం. పేరుకు డీలర్లే గానీ అందరూ సేద్యం మానని మనుషులు. ఇంటి ముందు గదిలో పైపుల చుట్టలు, వెనక టమాటా తోట. కంపెనీ తరఫున ఒక ఏరియా మేనేజరు కూడా వెంట వచ్చాడు. ఇలాంటి గ్రూపులంటే నాకు ఇష్టం. బాగా చదువుకున్న గ్రూపులు అంతా ఫోనులో ముందే చూసి వచ్చి నాకు పరీక్ష పెడతాయి. వీళ్లు నచ్చినదాన్ని నోరారా మెచ్చుకుంటారు, నచ్చనిదాన్ని మొహం మీదే చెబుతారు. మేనేజరుకు రెండూ పనికొస్తాయి.

లివింగ్‌స్టన్ ఊళ్లో దిగిన రోజు సాయంత్రమే నది మీద డిన్నర్ క్రూజ్ ఉంది. విక్టోరియా జలపాతానికి ఎగువన జాంబెజీ చాలా వెడల్పుగా, నిదానంగా పారుతుంది. రెండు అంతస్తుల పడవ పొద్దు గుంకక ముందు బయలుదేరి, ఇంజను తగ్గించుకుని దీవుల పక్కగా పోతుంది. ఒడ్డున జంతువుల్ని చూపించి, సూర్యాస్తమయం అయ్యాక కింది అంతస్తులో భోజనం పెట్టి, వెనక్కి తెస్తుంది. ఎన్నో దేశాల్లో ఎన్నో హోటళ్లలో తిన్నాను. అంత అందమైన భోజనశాల నాకు మళ్లీ తగల్లేదు. నీళ్లలో నీటిగుర్రాల చెవులు మాత్రం పైకి కనిపిస్తాయి. ఎర్రటి వెలుగు నది మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పరుచుకుంటుంది. మా వాళ్లు కొంతసేపు ఫోటోలు కూడా మరిచిపోయారు.

పడవ కెప్టెన్ పేరు ముటింటా. ముప్పై దాటని అమ్మాయి. ముందు తాళ్లు కట్టే పనిలో చేరి, తర్వాత ఇంజను పని నేర్చుకుని, ఆ సీజనులోనే కెప్టెన్ పర్మిట్ సంపాదించింది. ఆ నదిలో పడవ నడపాలంటే పార్కు అధికారులు ఇచ్చే ఆ పర్మిట్ తప్పనిసరి. జంతువుల్ని బెదరగొడితే దాన్ని రద్దు చేస్తారు. బయలుదేరే ముందు ఆమె నియమాలు చెప్పింది, నేను తెలుగు చేశాను. అందరూ ఒకే వైపుకు రాకూడదు. నీళ్లలో చేతులు పెట్టకూడదు. జంతువులు దగ్గరికొస్తే శబ్దం చేయకూడదు. అందరూ బుద్ధిగా తలలూపారు.

పొద్దు గుంకింది. కింద స్టీలు పాత్రల్లో భోజనం సర్దారు. అక్కడివాళ్లు తెల్ల మొక్కజొన్న పిండితో షీమా అని ఒకటి వండుతారు. ముద్దలా ఉంటుంది. మునిరత్నం రెడ్డి గారి భార్య లక్ష్మమ్మ దాన్ని చూడగానే, "ఇది మన సంగటే కదప్పా! రాగిపిండి లేకపాయె, అంతే," అంది. ఎసట్లో నీళ్లు ఎంత పోస్తారో వంటవాణ్ణి అడగమని నా ప్రాణం తీసింది. మునిరత్నం రెడ్డి గారిది పలమనేరు దగ్గర కౌండిన్య అడవి అంచున ఒక పల్లె. అరవై ఏళ్ల మనిషి, మాట తక్కువ. వరసలో ఆయనే ముందున్నాడు. ఎడమ చేత్తో పాత్ర మూత ఎత్తి, కుడి చేత్తో గరిటె పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు పై అంతస్తు నుంచి పుంగనూరు డీలరు ఒకాయన సంతోషం పట్టలేక కేక వేశాడు. "ఏనుగులొచ్చినాయప్పో! ఏనుగులు!"

మునిరత్నం రెడ్డి గారు గరిటె తిప్పి పట్టుకుని ఆ స్టీలు మూత మీద దబదబా కొట్టడం మొదలుపెట్టాడు. ఆ వెంటనే మరో నలుగురైదుగురు అందుకున్నారు. ఒకాయన గాజు గ్లాసు మీద చెంచాతో, ఒకావిడ పళ్లెం మీద పిడికిలితో. ఈలలు, "హోయ్, హోయ్" అని అరుపులు. ఏనుగులు కనబడ్డాయని సంబరం చేస్తున్నారనుకున్నాను. వాళ్ల మొహాలు చూశాక తెలిసింది, అందులో సంబరం ఏమీ లేదు. అందరూ ఒడ్డు వైపు కాకుండా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కొడుతున్నారు.

నదిలో ఒక ఏనుగుల మంద దీవి నుంచి ఒడ్డుకు ఈదుతోంది. మా పడవకు బాగా దగ్గర. నీళ్ల పైన తలలూ ఎత్తిన తొండాలూ తప్ప ఏమీ కనబడవు. ఈ మోత వినగానే ముందున్న పెద్ద ఏనుగు గిరుక్కున వెనక్కి తిరిగింది, మందంతా దానితో తిరిగింది. మధ్యలో ఉన్న పిల్ల ఏనుగు ఒకటి తిరగలేక, ప్రవాహానికి దిగువకు, మా వైపుకు కొట్టుకు రాసాగింది.

ముటింటా ఆ తర్వాత చేసిన పనిని నా ఉద్యోగంలో చూసిన గొప్ప పనుల్లో ఒకటిగా చెప్పుకుంటాను. ఆమె అరవలేదు. ముందు పడవలో దీపాలన్నీ ఆర్పేసింది. ఇంజను న్యూట్రల్లో పెట్టి పడవను నీళ్లతో పాటు కిందికి వదిలేసింది. దిగువన రాళ్లు ఉన్నాయని ఆమెకు తెలుసు. పడవను ఆపాలంటే లంగరు వేయాలి, వేస్తే గొలుసు మోగుతుంది. అందుకని తన సహాయకుడి చేత గొలుసును చేతుల మీదుగా, ఒక్కో లంకె చొప్పున, చప్పుడు కాకుండా దింపించింది. నేను మా వాళ్ల మధ్యకు పోయి, "గమ్మునుండండప్పా, దండం పెడతా, గమ్మునుండండి," అన్నాను. మోత ఆగిపోయింది. మునిరత్నం రెడ్డి గారు ఆ మూతను రెండు చేతులతో గుండెకు అదుముకుని నిలబడ్డాడు.

మేం దూరం జరిగాక మంద దీవి నుంచి మళ్లీ నీళ్లలోకి దిగింది. తల్లి ఏనుగు పిల్లకు దిగువ వైపుగా వచ్చి అడ్డం నిలిచింది. మసక వెలుతురులో మేం చూసింది అంతే. పిల్ల ఒడ్డెక్కిందో లేదో కనబడలేదు.

మోత విని పార్కు గస్తీ పడవ వచ్చింది. ఎవరు చేశారని అడిగారు. పడవ నాది, జవాబుదారీ నాదే అని ముటింటా ఒక్క మాట చెప్పింది. మా వైపు వేలు కూడా చూపలేదు. మర్నాడు ఉదయం పార్కు ఆఫీసులో విచారణకు రమ్మన్నారు. అక్కడ మా ఏర్పాట్లు చూసే స్థానిక ఏజెంటు నన్ను పక్కకు పిలిచాడు. గెస్టులకు దీనితో సంబంధం లేదని, ఆమె పర్మిట్ మాత్రం బహుశా పోతుందని, మమ్మల్ని మా ప్రోగ్రాం ప్రకారం జలపాతానికి వెళ్లమని సలహా ఇచ్చాడు. వృత్తి ప్రకారం అది సరైన సలహా. టూర్ మేనేజరు మొదటి ధర్మం గ్రూపును చిక్కుల్లో పడకుండా ఇంటికి చేర్చడమే.

హోటలుకు పోయే బస్సులో మునిరత్నం రెడ్డి గారు నా పక్క సీటుకు వచ్చాడు. "ఏమప్పా, ఆ బిడ్డ పని పోతాదా?" అని అడిగాడు. పోవచ్చన్నాను. "రేపు నేనొస్తా. కొట్టింది నేను కదా." పరాయి దేశం, మిమ్మల్ని కూడా ప్రశ్నలతో ఆపేయొచ్చు, పాస్‌పోర్టు అడగొచ్చు అని భయపెట్టి చూశాను. ఆయన వినలేదు. జలపాతం చూడటం తప్పిపోతుందన్నాను. వెనక సీటు నుంచి లక్ష్మమ్మ అందుకుంది. "ఆ జలపాతం యాడికి పోతాది? ఆడే ఉంటాది. ఆ బిడ్డ నోట్లో మట్టి కొట్టి మనం ఫోటోలు దిగల్లా? పోదాం పా." ఏరియా మేనేజరుకు గ్రూపును అప్పగించి, ఉదయం ఆ ఇద్దరినీ తీసుకుని పార్కు ఆఫీసుకు వెళ్లాను.

విచారణ చేసే అధికారి ఖాకీ బట్టల్లో ఉన్న పెద్దమనిషి. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. గెస్టులు విచారణకు రావడం ఆ ఆఫీసులో రివాజు కాదట. సరే, చెప్పమన్నాడు. మునిరత్నం రెడ్డి గారు కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు, నేను ఇంగ్లీషు చేశాను.

"సార్, మాది అడివి అంచు పల్లె. చీకటి పడితే ఏనుగులు దిగుతాయి. 'ఏనుగులొచ్చినాయి' అని ఒకడు అరిస్తే, ఊళ్లో ఆడామగా అందరూ చేతికి దొరికింది పట్టుకోని కొట్టల్ల. నేను కొట్టకుంటే పక్క తోటలో ఉండేవాడు సస్తాడు. మా తమ్ముడు మోటరు ఆపేదానికి పోయినాడు. ఆ పొద్దు ఎవురూ అరవలేదు, ఎవురూ కొట్టలేదు. అప్పుట్నించి ఆ మాట ఇనబడితే నా చెయ్యి నా మాట ఇనదు. శబ్దం చేయొద్దని ఆ బిడ్డ ముందే చెప్పింది. ఆ బిడ్డ తప్పు ఏమీ లేదు. ఆ యమ్మ ఉండబట్టే తల్లి ఏనుగు మళ్లా పిల్ల కాడికి వచ్చింది."

మీ ఊళ్లో అలా కొడితే పని జరుగుతుందా అని అధికారి అడిగాడు.

"ఒక్కోసారి అవి పోతాయి సార్. ఒక్కోసారి మనం పోతాం."

దీన్ని ఇంగ్లీషులో చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆయన తొందరపెట్టలేదు. తర్వాత తన సంగతి చెప్పాడు. ఎగువన మొక్కజొన్న పండించే పల్లెల్లో కొన్నేళ్లు పనిచేశాడట. అక్కడి జనం ఖాళీ నూనె డ్రమ్ములు వాయిస్తారట. తెల్లవారాక ఆ పొలాల్లోకి పోయి ఏనుగులు తొక్కిన మనుషుల్ని మోసుకొచ్చిన పని తనూ చేశానన్నాడు. మీరు చెప్పింది ఊరికే వినడం లేదు, తీర్పులో లెక్కలోకి తీసుకుంటున్నానని కూడా చెప్పాడు.

పొద్దున్నే గస్తీకి పోయిన మనుషులు పిల్ల ఏనుగును తల్లి పక్కన చూసి వచ్చారు. అది తేలాక ఆయన తీర్పు చెప్పాడు. కెప్టెన్‌కు నోటి మాటగా హెచ్చరిక, పర్మిట్ యథాతథం. ఇకమీదట ఏనుగులు నది దాటే ఆ చోట పడవ ఉండగా భోజనం వడ్డించకూడదు. మునిరత్నం రెడ్డి గారు ఇదంతా విని, "అంటే ఆ బిడ్డ పని ఉండేటట్టేనా?" అని నన్ను రెండుసార్లు అడిగి గానీ కుర్చీలో కూర్చోలేదు.

బయటికి వచ్చాక ముటింటా ఆయన చేతులు పట్టుకుంది. ఇంతకీ ఆ గొడవలో మీరు ఏనుగుల్ని చూశారా అని నా చేత అడిగించింది. "యాడ సూస్తినమ్మా, మూత కొడతా ఉంటిని కదా," అన్నాడాయన. ఆమె పడీ పడీ నవ్వింది. ఆ సాయంత్రం పడవలో ఖాళీ ఉంది, రమ్మంది. గ్రూపుకు ఆ పూట హోటల్లోనే భోజనం కాబట్టి నేను కూడా వెళ్లగలిగాను.

మునిరత్నం రెడ్డి గారు పై అంతస్తులో ముందు వరసలో కూర్చున్నాడు. రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చున్నాడు. ఎందుకని నేను అడగలేదు. పొద్దు ఇంకా ఉండగానే మంద దీవి ఒడ్డుకు వచ్చింది. పడవలో ఎవరో సన్నగా "ఎలిఫెంట్స్" అన్నారు. ఆయన భుజాలు ఒక్కసారి కదిలాయి. లక్ష్మమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఏనుగులు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగాయి, ఈదాయి, అవతలి ఒడ్డున నల్లగా మెరుస్తూ పైకెక్కాయి. పిల్ల ఏనుగు ఒడ్డున జారితే వెనక ఉన్నది తొండంతో తోసింది. చివరిది చెట్లలోకి పోయేదాకా ఆయన రెప్ప వేయలేదు.

"ముప్పై ఏండ్లుగా నా తోటలో తిరగతా ఉండాయప్పా," అన్నాడు తర్వాత. "టార్చి లైటులో తొండమో, ఎనక కాళ్లో, అంతే. ఏనుగు నిండుగా ఎట్లుంటాదో ఈ పొద్దే సూసినా." కొంచెం ఆగి అన్నాడు: "మా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్న జాతి. అయినా బాగుండాది. అబద్ధమెందుకు చెప్పల్ల."

రిటైరయ్యే దాకా నా పద్ధతిలో నేను చేసుకున్న మార్పు ఒకటే. అడవి టూరు ఏదైనా, నియమాలు చదివే ముందు గ్రూపును ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఈ జంతువు మీ ఊళ్లో ఎదురైతే మీరేం చేస్తారు అని. జవాబులు పొడుగ్గా వచ్చేవి. దానివల్ల కొన్ని పడవలు, కొన్ని జీపులు ఆలస్యంగా బయలుదేరాయి, డ్రైవర్లు విసుక్కున్నారు. నేను మానలేదు. ఏనుగును సినిమాల్లో మాత్రమే చూసినవాడికి శబ్దం చేయొద్దని చెబితే సరిపోతుంది. ఏనుగుతో కాపురం చేసినవాడికి అది సరిపోదు. ఈ తేడా నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు.