దివాను గారి కుందేలు

నవ్వకుండా రాసుకోవే గుంటా. మీ అమ్మమ్మ పందొమ్మిదేళ్ళ వయసులో, బొటనవేలంత పెన్సిలు ముక్కతో ఒక ప్రభుత్వాన్ని కూల్చేసింది. కూలిపోయిన సంగతి ఆ ప్రభుత్వానికి పత్రిక చూస్తేగాని తెలియలేదు. అంత పనిమంతురాలిని.

ఇది పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. అనంతగిరి దాటి ఇంకా పైకి, అరకు వైపు కొండల్లో మా నాన్న మిషను బడి మాస్టారు. మేం ఆ ఊరు వచ్చి అప్పటికి పది నెలలు. బడి వెనక చిన్న వాగులాంటి గెడ్డ, గెడ్డ అవతల వేరే రాజ్యం. నిజంగానే వేరే రాజ్యం. ఇటు దొరల పాలన, అటు ఓ చిన్న సంస్థానం. వాళ్ళ రాజు వేరు, దివాను వేరు, కచేరీ వేరు. మోకాలి లోతు నీళ్ళు దాటితే పరదేశం. నేను కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని రోజుకి రెండుసార్లు విదేశయాత్ర చేసేదాన్ని, ఒకసారి చింతపండుకి, ఒకసారి కబుర్లకి.

నాన్నతో కలిసి చదువుకున్నాయన ఒకాయన పార్వతీపురంలో వారపత్రిక నడిపేవాడు. ఆ సంస్థానం సర్కారు సంగతులు వారం వారం రాసి పంపమని నాన్నని అడిగాడు. నాన్నకి తీరిక లేక ఆ పని నాకు అప్పజెప్పాడు. అలా నేను పరదేశ విలేకరినయ్యాను. రాసేది నేను, అచ్చయ్యేది నాన్న పేరు. ఒళ్ళు మండేది. నా పేరు వేయమని పత్రికాయనకి ఉత్తరం రాస్తే, ఇంకెవరికీ దొరకని వార్త ఒకటి పంపితే పెద్ద అక్షరాల్లో వేస్తానని జవాబిచ్చాడు.

నాకు దొరికే వార్తలేమో దివాను గారి గుర్రానికి జలుబు, కచేరీ కప్పు కారుతోంది, ఇలాంటివి. వీటికి పెద్ద అక్షరాలు ఎవరిస్తారు చెప్పు? ఆదివారం ప్రార్థనలో అందరూ ఆరోగ్యం అడుగుతుంటే, నేను మాత్రం అవతల రాజ్యంలో ఏదైనా గొడవ జరిపించు ప్రభువా అని అడిగేదాన్ని.

చైత్రంలో ప్రభువు విన్నాడు. ఓ పొద్దున గెడ్డ దాటేసరికి దారికి అడ్డంగా వెదురు బొంగు. పదిహేనుమంది ఆడవాళ్ళు దాన్ని పట్టుకుని పాడుతున్నారు. ఏదో ఒకటి చేతిలో పెడితేగాని ఎవరినీ వదలడం లేదు. కచేరీ గుమాస్తా కూడా నోరెత్తకుండా ఇచ్చుకుని పోయాడు. ఊళ్ళో చూద్దునా, ఆయన తప్ప మగ పురుగు లేదు. మాకు అడ్డాకులు తెచ్చిచ్చే బుద్రి ఆ గుంపులో ముందుంది. నేను పెన్సిలు తీశాను.

"బుద్రీ, మగోళ్ళేరే?"

"అడివికి తోలేసినాం."

"దివాను గారు?"

"ఆయన్నీ తోలేసినాం. ఉత్తి సేతుల్తో వత్తే ఊర్లోకి రానిత్తామేటి?"

"అయితే ఇప్పుడీ దారి ఎవరిది?"

"మాదే. నువ్వేటిత్తావో బేగి తియ్యి."

ఎందుకని ఒక్క ముక్క అడిగి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కానీ విలేకరికి కళ్ళుంటే చాలు, నోరెందుకని నా ధీమా.

సాయంత్రం పనసచెట్టు చాటున నిలబడ్డాను. దివాను గారు అడవిలోంచి దిగాడు. భారీ మనిషి, ధాన్యం గాదెకి తలపాగా చుట్టినట్టుండేవాడు. భుజాన తుపాకీ. ఆడవాళ్ళు చుట్టుముట్టి ఆయన చేతులకేసి చూశారు. మరుక్షణం పేడ. ముద్దలు కాదే, తట్టలు. తలపాగా ఒకవైపు, ఆయన ఒకవైపు. కొత్తగా అలికిన గోడలా తయారై పరుగెత్తాడు. అంత పేడ కింద మొహం నవ్వుతోందో ఏడుస్తోందో ఎలా తెలుస్తుంది?

ఇంటికొచ్చి రాశాను. ఇప్పటికీ నోటికొచ్చు. "సంస్థాన ప్రభుత్వము కూలినది. అధికారము స్త్రీల వశమైనది. పురుషులెల్లరు అడవుల పాలైరి. రహదారులపై క్రొత్త ప్రభుత్వము సుంకము వసూలు చేయుచున్నది. దివానుగారు రిక్తహస్తములతో తిరిగివచ్చి గోమయముతో సత్కరింపబడిరి." చూపిస్తే నాన్న ఆపుతాడని, చూపించకుండా టపావాడి చేతిలో పెట్టేశాను.

పత్రిక వచ్చింది. మొదటి పేజీ. కింద పెద్ద అక్షరాల్లో, కుమారి ఎస్తేరు. సిరా అంటుకుని వేలు నల్లబడేదాకా నా పేరుని తడుముకున్నాను. బుద్రి వస్తే మెట్టు మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. అది నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఎందుకే నవ్వుతావు?"

"ఓలమ్మ, అది ఇటుకల పండగ కదేటి. సైత్రంలో మగోళ్ళందరూ ఏటకెల్తారు. మేం దారి కాసి పాటలు పాడతాం. ఏట దొరక్కుండా వచ్చినోడికి పేడ కొడతాం. దివానైతే ఏటి, ఆయన మగోడు కాడా? ఏటేటా కొడతన్నాం."

"ముందే చెప్పొచ్చు కదే."

"నువ్వడిగినావేటి?"

పొద్దుటినించి ముద్దుపెట్టుకున్న పేరు, మధ్యాహ్నానికి పోలీసు కాయితంలో ముద్దాయి పేరులా కనబడింది. దివాను పత్రికాయనకి ఒక్క ఉత్తరం రాస్తే చాలు, ఈ జన్మకి నా పేరు మళ్ళీ అచ్చు మొహం చూడదు.

మర్నాడు దివాను గారే పత్రిక పట్టుకుని గెడ్డ దాటి వచ్చాడు. నాన్న కుర్చీ వేస్తే కుర్చీ మూలిగింది. నా వార్త నాన్న చదవడం అప్పుడే. నాన్న మీసం వణికింది. దివాను గారు నన్ను పిలిచాడు.

"రాసింది నువ్వేనా అమ్మాయ్?"

ప్రభుత్వం కూలలేదని వెంటనే దిద్దేస్తానని గడగడా అప్పజెప్పాను.

"కూలితే కూలనీ. రాజావారు చదివించుకుని పొట్ట పట్టుకుని నవ్వారు. దాని జోలికి పోకు." ఆయన గొంతు తగ్గించాడు. "ఉత్తి చేతులతో వచ్చానని రాశావు చూడు, అదీ తప్పు. నా సంచిలో కుందేలుంది. ఇంట్లో ఆవిడ కూర కూడా వండింది. ఇప్పుడిది చదివి, ఆ కుందేలు ఎక్కడిదని నిలదీస్తోంది. నువ్వు దిద్దకపోతే, ఇంక నీ పేరు వేయొద్దని మీ పత్రికాయనకి రాస్తాను."

పేరు కోసం ఏనుగునైనా ఆయన సంచిలో పెట్టేదాన్ని. కుందేలెంత? రాసి పంపాను. పై వారం పత్రికలో వచ్చింది. "గతవారము కుమారి ఎస్తేరు వ్రాసిన వార్తలో ఒక తప్పు దొర్లినది. దివానుగారు రిక్తహస్తములతో రాలేదు. కుందేలుతో వచ్చిరి. తక్కిన వార్త యథాతథము." ఈసారి నా పేరు మునుపటికన్నా పెద్దగా వేశాడు, పుణ్యాత్ముడు.

అదీ బుద్రికి చదివి వినిపించాను. ఈసారి అది నవ్వలేదు. నాకేసి జాలిగా చూసింది.

"ఆ కుందేలు మా ఇంటోడి ఉచ్చులో పడిందే. పేడ కడుక్కున్నాక దివాను మా గుమ్మంలోకొచ్చి బతిమాలి అట్టుకెల్లినాడు, ఇంటికాడ సూపించడానికి."

ముందే చెప్పొచ్చు కదే అనబోయి నోరు మూసుకున్నాను. అడగలేదు కదా.

చూశావా మరి. నేను రాసిన అబద్ధాలన్నీ యథాతథంగా ఉండిపోయాయి. ఆయన ఉత్తి చేతులతో వచ్చాడన్న ఒక్క నిజాన్ని మాత్రం నా పేరు మీదే చెరిపించుకున్నాను. ఆ పత్రిక ప్రకారం ఆ సంస్థానంలో ఈనాటికీ ఆడవాళ్ళదే రాజ్యం. ఆ తృప్తి మాత్రం నాకుంది.

ఆ పూటే బైబిలు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. పేడ పడ్డ ఏ దివాను గురించీ, ఆయన సంచి విప్పి చూడకుండా, ఆ సంచిలోది ఎవరి ఉచ్చులోదో బుద్రిని అడక్కుండా, బతికుండగా ఒక్క వాక్యం రాయనని. ఇంతవరకూ ఆ ఒట్టు తప్పలేదు. అలాంటి దివాను మళ్ళీ దొరకనూ లేదు.

రాశావా? అయితే కింద పేరు పెట్టు. నీది కాదే, నాది. పెద్ద అక్షరాల్లో.